నమోదైన చిరునామా

ఫిబ్రవరి 11

అక్కకు,

మెయిలు చేయకుండా ఉత్తరం రాశాడేమిటని అనుకుంటావు. మెయిలు పోయింది. దానితో పాటు పేరూ పోయింది.

సోమవారం కాజాల మిషన్ పట్టుకొచ్చిన టైలరమ్మ గుమ్మంలోనే నవ్వడం మొదలుపెట్టింది. "మిషన్ మామా, రిపేర్లు మానేసి పేకాట క్లబ్బు పెట్టావంటగా!" అంది. ఆవిడే ఫోన్ తీసి చూపించింది. పన్నెండేళ్ల క్రితం నువ్వు తీసిపెట్టిన వెబ్‌సైటు పేరు కొడితే, నేను రాసిన పదకొండు వందల నలభై రిపేరు నోట్సు ఉండాల్సిన చోట మీసాలాయన ఒకడు ముక్కలు పంచుతున్నాడు. పైన 'మిషన్ మామ' అని నా పేరే ఉంది. మీసాలు మాత్రం నావి కావు.

పేరు అద్దెకిచ్చే కంపెనీకి ఫోన్ చేశాను. గడువు దాటినా మనం పొడిగించలేదట. దాంతో జనవరి 20న ఇంకెవరో తీసుకున్నారట. "మూడు నోటీసులు పంపాం సార్," అంది అవతలి అమ్మాయి. నాకొక్కటీ రాలేదు. ఏ చిరునామాకి పంపారని అడిగాను. "అది యజమానికి మాత్రమే చెప్తాం సార్. మీరిప్పుడు యజమాని కాదు," అంది. చాలా మర్యాదగా చెప్పింది.

నోట్సు పోయాయని బాధ లేదు. అవన్నీ నా రోజువారీ పుస్తకాల్లో ఉన్నాయి. బాధ స్టిక్కర్ల గురించి. బాగు చేసిన ప్రతి మిషన్ అడుగునా ఆ పేరున్న స్టిక్కరు అంటించాను. రెండు వేల మూడు వందల చిల్లర మిషన్లు. ఆడపిల్లల కుట్టు శిక్షణ కేంద్రంలోనే నలభై ఉన్నాయి. అక్కడి ప్రిన్సిపాలమ్మ నిన్న షాపుకొచ్చి, "మా పిల్లలు దారం తెగితే ఏం చేయాలో చూద్దామని తెరిచారు. పేకాట వచ్చింది. మీ పేరు మీద నమ్మకంతో పంపాను," అని వెళ్లిపోయింది. కూర్చోమంటే కూర్చోలేదు.

ఇలాంటి పేర్లకు నియమాలు పెట్టే సభ ఒకటుందట. అందులో మామూలు వాడుకదారుల సంఘం ఉందట. పదేళ్లకు పైగా ఒక పేరు వాడుకున్నవాడు పొరపాటున గడువు దాటిస్తే, తొంభై రోజుల్లోపు తిరిగి అడగొచ్చని ఒక నియమం పెట్టాలనుకుంటున్నారట. ఈ ఏడాది పోయిన పేర్లకూ వర్తిస్తుందట. సంఘం ఎటు చెబితే సభ అటే వెళ్తుందట. ఎవరైనా చేరవచ్చన్నారు. దరఖాస్తు పెట్టాను.

బావను అడిగానని చెప్పు.

తమ్ముడు

ఫిబ్రవరి 19

ఒరేయ్ తమ్ముడూ,

నువ్వు సంఘంలో చేరుతున్నావా? బస్సులో కండక్టరు ఎక్కడికని అడిగితే నా మొహం చూసినవాడివి, లోకంలో ఉన్న సామాన్యులందరి తరఫునా నువ్వు మాట్లాడతావా? ఉత్తరం చదివి మీ బావ, "వీడు మాట్లాడే రోజు అక్కడ మినిట్స్ రాసేవాడికి సెలవు" అన్నాడు. నవ్వాపుకోలేకపోయాను, కోపం తెచ్చుకోకు.

అయినా అదేం ఆఫీసురా? జనన మరణాల కౌంటర్లో ముప్ఫై ఏళ్లు కూర్చున్నదాన్ని. పుట్టినవాడి పేరు రాయడానికి నాలుగు కాగితాలు అడిగాను. పోయినవాడి పేరు కొట్టేయడానికి ఆరు అడిగాను. ఒకడి పేరు ఊడబీకి ఇంకొకడికి తగిలించడానికి ఒక్క కాగితమూ అడగని ఆఫీసు భూమ్మీద ఉందని నాకు తెలీదు. తెలిస్తే బదిలీ అడిగేదాన్ని, హాయిగా ఉండేది.

నా మాట విని ఆ పేరు వదిలెయ్. 'మిషన్ బాబాయ్' అని కొత్తది తీసుకో. అదే మనిషివి, వరస మారితే కొంపలేం మునగవు. కొత్త మెయిలూ పెట్టుకో. నోటీసుల గొడవ తవ్వకు. పంపామని ఎవడైనా అంటాడు, వాళ్ల మాటలకు విలువేమిటి?

ఇంకోటి. ఇకమీదట ఉత్తరాలు ఇంటికే రాయి, ఆఫీసుకి వద్దు. ఆగస్టులో నన్ను కింద రికార్డు గదికి తోసేశారు. పై బల్ల మీదికి వచ్చినవి నా దాకా దిగవు. ఇక్కడ నాకు తోడు బూజూ, ఒక ఫ్యానూ. ఆ ఫ్యాను కూడా నీలాగే, తిరుగుతుంది కానీ చప్పుడు చేయదు.

మోకాలి నొప్పికి మందు వాడుతున్నావా లేదా, అది రాయలేదు.

మీ అక్క

మార్చి 5

అక్కకు,

మందు వాడుతున్నాను.

పేరు మార్చుకోను. జనం నన్ను పిలిచిన పేరు అది. నేను పెట్టుకున్నది కాదు, మార్చుకోవడానికి. వేరే మెయిలూ పెట్టుకోను.

నిన్న సంఘం మొదటి సమావేశానికి వెళ్లాను. పెద్ద హోటల్లో పెట్టారు. కుర్చీలకు తెల్ల గుడ్డలు తొడిగారు. కుట్టు తిరగేసి చూశాను. అన్నీ బారు కుట్లు, ఒక్క లాగుడుకి ఊడిపోతాయి. మెడలో వేసుకోవడానికి కార్డు ఇచ్చారు. నా దాని మీద 'వాడుకదారుడు' అని మాత్రమే ఉంది. అధ్యక్షుడి కార్డు మీద ఆరు పంక్తులున్నాయి.

సంఘంలో ఐదుగురం. అధ్యక్షుడు పద్నాలుగేళ్లుగా సామాన్యుడి తరఫున మాట్లాడుతున్నాడు. ఇంకే పనీ చేసినట్టు లేదు. రెండో ఆయన పేర్లు కొని అమ్మే వ్యాపారులకు లాయరు. మీరు ఇక్కడెలా అని అడిగాను. "ఇంటర్నెట్ నేనూ వాడతాను కదండీ," అన్నాడు. మూడో ఆవిడ మనలాంటివాళ్ల మీద పరిశోధన చేస్తోంది. నాలుగో ఆయన తెర మీద మాత్రమే ఉంటాడు, మైకు మూసుకుని. రోజంతా ఏదో తింటూ కనిపించాడు. ఐదో కుర్చీ రెండేళ్లుగా ఖాళీ. అది నాకిచ్చారు.

ఏం చేస్తారని అడిగితే కుట్టు మిషన్లు బాగు చేస్తానన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఎందుకో తెలియలేదు. అధ్యక్షుడు లేచొచ్చి, "ఇన్నాళ్లకు ఒక నిజమైన వాడుకదారుడు దొరికాడు," అని నా భుజం మీద చేయి వేసి ఫోటో తీయించుకున్నాడు. చేయి సరిగ్గా పడలేదని మళ్లీ తీయించుకున్నాడు.

తర్వాత మూడు గంటలు మాట్లాడారు. రాత్రి లెక్క రాసుకున్నాను. 'వాడుకదారుడు' అన్న మాట డెబ్బై రెండు సార్లు వచ్చింది. ఏ వాడుకదారుడి సంగతీ ఒక్కసారి కూడా రాలేదు.

సభ్యత్వం ఫారం నింపాను. మెయిలు చిరునామా గడిలో మన పాతదే రాశాను. నేను వచ్చింది ఆ పేరు కోసమే కదా. గుమాస్తా పెన్ను దాని మీద పెట్టి, "ఇది మీదేనా?" అన్నాడు. "నాదే," అన్నాను. అంతకంటే చెప్పబుద్ధి కాలేదు.

నాకొక కాగితం కావాలి. ఆ పేరు పన్నెండేళ్ల క్రితం నా కోసం నువ్వు తీసిపెట్టావని రాసి సంతకం చేసి పంపు. నోటీసులు ఎక్కడికి వెళ్లాయో కూడా కనుక్కుంటాను. అది వదలను.

తమ్ముడు

మార్చి 14

ఒరేయ్,

"నాదే" అన్నావు చూడు, అక్కడ నువ్వు మన అమ్మ కడుపున పుట్టావురా! ఆ ముక్క మీ బావకు రెండుసార్లు చదివి వినిపించాను. "మొత్తానికి ఒక మాట పలికాడు, రేటు పెరిగింది," అన్నాడు. ఆయన కుళ్లు ఆయనది. ఆ గుమాస్తా గాడికి అలాగే పడాలి. నీ పేరు నీదేనా అని అడగడానికి వాడెవడు?

చప్పట్లు కొట్టారా? ఎందుకు కొట్టరు? ఎలుగుబంటి సైకిలు తొక్కితే కొట్టరూ? ఫోటో కోసం చేయి వేసినవాడు నీ మోకాలు ఎలా ఉందని అడిగాడా? నీకేం కావాలని అడిగాడా? పద్నాలుగేళ్లు ఒకడి తరఫున మాట్లాడుతూ, ఆ ఒక్కడూ ఎదురుపడితే మాట పెగల్లేదంటే ఆ నోరు దేనికి? నా బీరువాలో చెదలు తినేసిన రిజిస్టర్లు నయం. వాటిలో కనీసం సగం పేర్లు నిజమైనవి.

నువ్వడిగిన కాగితం రాసి పెట్టాను. మూడుసార్లు చింపి రాశాను. ఎందుకని అడక్కు, వయసు. అందులో తేదీ ఉంది, నా సంతకం ఉంది, అంతకు మించి అక్కర్లేదు. నోటీసులు ఎక్కడికి వెళ్లాయో తెలుసుకుని ఏం చేస్తావు? వెళ్లినవి వెనక్కి వస్తాయా? పని మీద దృష్టి పెట్టు, వెధవ కూపీలు లాగకు.

నిన్నెరుగుదును, ఆ స్టిక్కర్లన్నీ గీకడానికి బయల్దేరతావు, బ్లేడు మాత్రం వాడకు. వేలు కోసుకుంటావు.

అక్క

ఏప్రిల్ 2

అక్కకు,

కాగితం అందింది. వేలు కోసుకున్నాను. చిన్నదే.

శిక్షణ కేంద్రం మిషన్లు ఆదివారాలు వెళ్లి తిరగేసి గీకుతున్నాను. ఇరవై రెండు అయ్యాయి. ప్రిన్సిపాలమ్మ పలకరించడం లేదు. పేరు తిరిగొస్తే పలకరిస్తుందనుకుంటాను.

సంఘంలో అందరూ వాడుకదారుడి అభిప్రాయం, అభిప్రాయం అంటున్నారని, నేను షాపుకు వచ్చినవాళ్లను అడగడం మొదలుపెట్టాను. వెబ్‌సైట్ల పేర్లకు ఒక సభ ఉందని నీకు తెలుసా, నిన్నెప్పుడైనా ఏమైనా అడిగిందా అని. మూడు వారాల్లో అరవై మూడు మందిని అడిగి, మిషన్ నంబరు పక్కనే జవాబు రాశాను. యాభై ఎనిమిది మందికి తెలియదు. నలుగురు కరెంటు ఆఫీసు సంగతి అనుకుని మీటరు గురించి చెప్పారు. ఒకాయన అక్కడ కుర్చీ ఖాళీ ఉంటే చెప్పమన్నాడు. కాజాల టైలరమ్మ, "పేరు పెట్టడానికి అమ్మా నాన్నా చాలరా మామా, సభ దేనికి? వాళ్లకి పనేం లేదా?" అంది. అదీ రాశాను.

నిన్న పుస్తకం తీసుకెళ్లి చదివాను. ఇరవై నిమిషాలు మాట్లాడాను. బావకు చెప్పు.

అధ్యక్షుడు కళ్లజోడు తీసి, "ఎంతో హృద్యంగా ఉంది," అన్నాడు. మళ్లీ పెట్టుకుని తర్వాతి అంశానికి వెళ్లాడు. లాయరు మాత్రం, "అరవై మూడు మంది అంటే ప్రపంచం కాదండీ," అన్నాడు.

"మీరెంతమందిని అడిగారు?" అన్నాను.

"మేము ప్రజాభిప్రాయ సేకరణ జరిపాం."

జరిపారు. ఎనభై ఆరు పేజీల పత్రం తమ వెబ్‌సైట్లో ముప్ఫై రోజులు ఉంచారు. పదకొండు అభిప్రాయాలు వచ్చాయి. దగ్గర పెట్టుకుని చదివాను. తొమ్మిది ఆ లాయరు ఆఫీసు నుంచే వచ్చాయి. ఒకటి అధ్యక్షుడి శిష్యుడు రాశాడు. పదకొండోది జుట్టు రాలకుండా ఉండే నూనె ప్రకటన. దాన్నీ లెక్కలో కలిపారు.

తొంభై రోజుల నియమం మీద ఓటు వచ్చే వారం. పరిశోధకురాలూ, తెర మీద ఆయనా అనుకూలం. అధ్యక్షుడూ లాయరూ వ్యతిరేకం. మిగిలింది నేను. అనుకూలమని అక్కడే చేయెత్తాను. "చేతులు రికార్డుకెక్కవండీ. ఓటు నమోదైన పద్ధతిలోనే," అన్నాడు గుమాస్తా. సరే, కబురు పంపిస్తారులెమ్మని వచ్చేశాను.

ఇరవై తారీకులోగా పేరు తిరిగొస్తుంది అక్కా.

తమ్ముడు

ఏప్రిల్ 20

తమ్ముడికి,

ఎంతిచ్చారు?

కాదు, అడుగుతున్నాను. వాళ్ల ఫలితం వెబ్‌సైట్లో పెట్టారు. రికార్డు గదిలో కూర్చుని నా ఫోన్లో నా కళ్లతో చదివాను. అనుకూలం ఇద్దరు. వ్యతిరేకం ముగ్గురు. మూడో పేరు 'మిషన్ మామ'. కింద నీ ఫోటో, నీ భుజం మీద ఆయన చేయి. "మా వాడుకదారుడి చురుకైన భాగస్వామ్యం" అని రాశారు.

నీ పేరు తిరిగిరాకుండా నువ్వే ఓటేశావా? ఇరవై నిమిషాలు మాట్లాడాను అని గొప్పగా రాసుకున్నావు. అరవై మూడు మంది అన్నావు. చివరికి వాళ్ల కుర్చీ మెత్తగా అనిపించిందా? వాళ్లు ఎలాంటివాళ్లో నాకు మొదటి ఉత్తరంలోనే తెలుసు. వాళ్ల మీద నాకు కోపం లేదు, చెదపురుగు మీద కోపమెవరికి? నువ్వు అందులో కలిశావే, అదీ నాకు మింగుడుపడంది. 'నాదే' అన్నవాడివి!

మీ బావ, "వాడు అలాంటివాడు కాదు, ఇంకేదో ఉంది" అంటున్నాడు. జన్మలో మొదటిసారి నిన్ను వెనకేసుకొచ్చాడు. నేను వినలేదు.

ఆ పేరు తిరిగి రావాలని నేను ఎంత కోరుకున్నానో నీకేం తెలుసు? నీకంటే ఎక్కువ కోరుకున్నాను. ఎందుకో నాకు తెలుసు. ఇక దాని గురించి నాకు రాయకు.

సంతకం కూడా చేయబుద్ధి కావడం లేదు.

ఏప్రిల్ 27

అక్కకు,

రాయొద్దన్నావు. రాస్తున్నాను.

నేను ఓటు వేయలేదు. కబురు వస్తుందని షాపులో ఎదురుచూశాను. నీ ఉత్తరం చదివాకే ఫలితం తెలిసింది. షాపు మూసి వాళ్ల ఆఫీసుకు వెళ్లాను.

గుమాస్తా కంప్యూటరు తిప్పి చూపించాడు. "తొమ్మిదో తారీకు మీకు మెయిలు పంపాం సార్. నాలుగు నిమిషాల్లో 'వ్యతిరేకం, ధన్యవాదాలు' అని జవాబిచ్చారు. మన సంఘంలో ఇంత త్వరగా ఎవరూ ఇవ్వరు," అన్నాడు. నన్ను మెచ్చుకున్నాడు.

పాత పేరుకు వెళ్లే మెయిళ్లన్నీ ఇప్పుడు పేకాట క్లబ్బు వాళ్ల పెట్టెలోనే పడతాయి. నా పేరు నాకు తిరిగి ఇవ్వాలా వద్దా అని సభ అడిగింది పేకాట క్లబ్బును. వాళ్లు వద్దన్నారు.

అధ్యక్షుడి గదికి వెళ్లి ఇదంతా చెప్పాను. ఆయన చాలాసేపు తలూపాడు. "మీ బాధ నాకు అర్థమవుతోంది. కానీ మా పద్ధతిలో చిరునామాయే మనిషి. ఆ చిరునామా మీరిచ్చిందే కదా," అన్నాడు.

"ఎదురుగా నేనున్నాను," అన్నాను.

"ఉన్నారు. కాదనను," అన్నాడు. గంట నొక్కి నాకు టీ తెప్పించాడు.

తాగలేదు.

వాళ్లను తిట్టడానికి నీకు చాలా మాటలు వస్తాయి. నాకు రావు. మిషన్లో కూడా పనికిరాని ముక్కలుంటాయి, కానీ అవి తమకు చప్పట్లు కొట్టించుకోవు. అయితే ఆ గుమాస్తా "ఇది మీదేనా" అని అడిగినప్పుడు, "నాదే, కానీ ఇప్పుడు పోయింది" అనాల్సింది. ఆ నాలుగో మాట నా నోటి దాకా వచ్చింది. వాడి ముందు పోయిందనడం నామోషీ అనిపించి మింగేశాను. అది నా తప్పు.

లాయరు బయట కలిశాడు. మీ వ్యవహారంలో నోటీసులు పద్ధతిగానే వెళ్లాయండీ అని ఒక కాగితం చూపించాడు. నోటీసులు వెళ్లిన చిరునామా అందులో ఉంది.

చూశాను.

తమ్ముడు

మే 3

తమ్ముడూ,

నువ్వు 'చూశాను' అని వదిలేశావు. తిట్టి ఉంటే బాగుండేది.

అది నా ఆఫీసు మెయిలు. పన్నెండేళ్ల క్రితం నీకు మెయిలు లేదు, నాదే ఇచ్చాను. ఏటా నోటీసు నాకే వచ్చేది, నేనే పొడిగించేదాన్ని. నీకు ఆ సంగతే తెలియనివ్వలేదు. తమ్ముడి పని అక్క చూసుకుంటోందని నాకో గర్వం. ఆగస్టులో నన్ను కిందికి మార్చారు. పై బల్లతో పాటు ఆ మెయిలూ తీసేశారు.

మర్చిపోయానని రాస్తే సరిపోతుంది. కానీ మర్చిపోలేదురా. డిసెంబరులో గుర్తొచ్చింది. పైకి వెళ్లి కొత్తవాణ్ణి అడిగాను. "అది ఎప్పుడో మూసేశారు మేడమ్, కావాలంటే అర్జీ పెట్టుకోండి," అన్నాడు, తల ఎత్తకుండా. నా కుర్చీలో కూర్చుని నాతో అన్నాడు. వాడికి అర్జీ పెట్టాలా అని వెనక్కి దిగొచ్చాను. నీకొక్క ఫోను చేస్తే నువ్వే చూసుకునేవాడివి. నన్ను బీరువాల మధ్య పడేశారని అప్పటికి నీకు చెప్పలేదు. అది చెబితే గానీ ఇది చెప్పడం కుదరదు.

నీ పేరు పోయిందని ఉత్తరం రాగానే 'బాబాయ్' అని పెట్టుకోమని వేళాకోళం చేశాను చూడు, అది నేను. వాళ్లను చెదపురుగులన్నాను. వాళ్లు చేసిందేమిటి? అడగాల్సినవాణ్ణి అడగకుండా పని కానిచ్చారు. నేనూ పన్నెండేళ్లు అదే చేశాను. 'నాదే' అన్నావని చదివి ఎగిరి గంతేసినదాన్ని, ముప్ఫై ఏళ్లు ఫారాలు చూసిన కళ్లకు అక్కడ పాత చిరునామా ఉందని కనబడలేదు.

నేను వచ్చి వాళ్లకు చెప్పనా? తప్పు నాదని రాసిస్తాను. చింపకుండా ఒక్కసారే రాస్తాను.

అక్క

మే 12

అక్కకు,

రాసివ్వొద్దు. ఇచ్చినా దానికి ఒక నంబరు వేసి, చురుకైన భాగస్వామ్యం అంటారు.

సంఘానికి రాజీనామా తీసుకెళ్లాను. గుమాస్తా పుచ్చుకోలేదు. రాజీనామా నమోదైన చిరునామా నుంచే రావాలట. ఈ సంగతి అడగడానికి ఆ చిరునామాకు మెయిలు చేశాడు, నా ముందే. మూడు నిమిషాల్లో జవాబు వచ్చింది. రాజీనామా ఉద్దేశం లేదట, సంఘంలో కొనసాగడం తమకు ఆనందమట. కాబట్టి ఇంకో రెండేళ్లు మామూలు వాడుకదారుల తరఫున పేకాట క్లబ్బే కూర్చుంటుంది. చూడబోతే వాళ్లకు అదే సరైన మనిషి. అడిగినదానికి వెంటనే జవాబిస్తుంది, షాపులో ఎవరినీ అడగదు, ఫోటోకు మీసాలు కూడా ఉన్నాయి. నా మెడ కార్డు బల్ల మీద పెట్టి వచ్చేశాను.

శిక్షణ కేంద్రంలో నలభై మిషన్లూ గీకడం అయింది. చివరి ఆదివారం ప్రిన్సిపాలమ్మ వచ్చి నిలబడి, "వెబ్‌సైటు లేకపోతే పిల్లలు మిమ్మల్ని ఎలా అడగాలి?" అంది. చేతిలో ఉన్న పుస్తకం చూపించాను. ఏ మిషన్, ఏం బాగు చేశాను, ఎవరిది, ఏ వీధి, ఏ ఇంటి నంబరు, అన్నీ అందులో ఉన్నాయి. ఆవిడ నాలుగు పేజీలు తిరగేసింది. "మరి మీరే వాళ్లకు రాయొచ్చు కదా," అంది. కుర్చీ లాగి కూర్చుంది.

నాకది తట్టనే లేదు. పన్నెండేళ్లుగా అందరి చిరునామాలూ నా దగ్గరే ఉన్నాయి.

రెండు వేల మూడు వందల పదహారు కార్డులు రాయాలి. ఆ వెబ్‌సైటు తెరవొద్దు, అది ఇప్పుడు నాది కాదు, అనుమానం ఉంటే ఈ చిరునామాకు రాయండి అని. నా అక్షరాలు నాకే అర్థం కావు. నీ దస్తూరీ బాగుంటుంది. రికార్డు గదిలో నీకెలాగూ ఖాళీయే. మొదటి మూడు పుస్తకాలు పార్శిల్లో పంపుతున్నాను. నేను చెప్పమన్న మాటలే రాయి, సొంతంగా ఎవరినీ తిట్టకు.

ప్రతి కార్డు మీదా రెండు చిరునామాలు రాయి. ఒకటి నా షాపుది, ఇంకోటి మీ ఇంటిది. నేను లేకపోతే జవాబు నువ్వు చెప్పాలి. నాకు కొన్ని తెలియవు, నీకు కొన్ని తెలియవు. ఇక నుంచి అవి ఒకరికొకరం చెప్పుకుందాం.

ఇల్లు మారితే ముందు నాకు చెప్పు. కుర్చీ మారినా చెప్పు.

తమ్ముడు